గంగయ్య సైరను, వీరలక్ష్మి డ్రైవర్లు

వీరలక్ష్మి చెయ్యి చేసుకుంటే గోదావరి పాయ ఒకటి పక్కకి జరిగిందని ఓడలరేవు ఆటోల్లో చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. జరిగింది పాయ కాదు, ఓ లారీ క్లీనరు కింది దవడ. బస్సులో వెనకనుంచి చెయ్యి వేసినందుకు ఒక్కటే ఇచ్చింది. ఆ రోజు నుంచి వాడు ఇడ్లీని కూడా పాలల్లో నానబెట్టుకుని మింగుతున్నాడు.

చేపల వేటకెళ్ళే ఇంటి పిల్ల. తెడ్డు వెయ్యాల్సిన చేతులు కంప్యూటరు మీద పడ్డాయి. అమలాపురంలో డిగ్రీ చదివి, రొయ్యల చెరువులకి కంప్యూటరు పెట్టెలు అమర్చే ఓ చిన్న కంపెనీలో చేరింది. గట్టుమీద షెడ్డులో కూర్చుని, నీళ్ళలో గాలి తగ్గగానే నీళ్ళు చిలికే చక్రాలు, అదే ఏరేటర్లు, తిప్పడం ఆ పెట్టె పని. మలికిపురం నుంచి సముద్రం దాకా అలాంటివి ఎన్నో. ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి చూడాలంటే స్కూటీ చాలదు, రెక్కలు కావాలి.

అందుకే ప్రతి పెట్టెలోనూ ఇద్దరు డ్రైవర్లుంటారు. వీళ్ళు బీడీ కాల్చరు, బత్తా అడగరు. ఎందుకంటే మనుషులు కారు, ప్రోగ్రాములు. ఏ పెట్టెలో ఏముండాలో వీరలక్ష్మి అమలాపురం సర్వరులో రాసి పెడుతుంది. ప్యాకేజీల డ్రైవరు అది చూసి, లేని ప్రోగ్రామును తెచ్చి ఎక్కిస్తుంది. సర్వీసుల డ్రైవరు ఎక్కినదాన్ని నడిపిస్తుంది, వద్దన్నదాని పీక నొక్కుతుంది. సర్వరుది నోరు మాత్రమే, చేతులు ఈ రెండూ.

"నేను రాయనిది ఏది కనబడినా పీకెయ్యండి" అని కూడా వాటికి చెప్పవచ్చు. చెబితే ఇక అవి కసాయి కత్తులే. ఎవరిది, ఎందుకుంది అని అడగవు. వీరలక్ష్మి చాలాకాలం ఆ మాట చెప్పలేదు. కానీ కాపలావాళ్ళు పెట్టెల్లో పాటల ప్రోగ్రాము ఎక్కించుకుని, గట్టుమీది మైకులో పగలంతా మోత మోగించేవారు. ఆ పాటలతో ఓ పెట్టె నిండిపోయి, ఏరేటరు ఆలస్యంగా తిరిగి, రొయ్యలు తేలాయి. వీరలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. శుక్రవారం ఆ మాట చెప్పేసింది. సాయంత్రానికి గట్లన్నీ మూగబోయాయి. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

ఆదివారం మధ్యాహ్నం తండ్రికి కేరేజీ తీసుకుని చెరువుగట్టు ఎక్కింది. తండ్రి గంగయ్య ఆదినారాయణగారి చెరువులకి కాపలా. ఆయన్ని కొబ్బరిచెట్టుకు కట్టేసి ఉంచారు. నుదురు చీలి, నెత్తురు గడ్డంలోకి దిగి ఎండిపోయింది. ఎడమచెయ్యి మోచేతి కింద వంగకూడని చోట వంగి ఉంది. ఎదురుగా ఆదినారాయణగారి బావమరిది సురేంద్ర రొయ్యలకి మేత చల్లే పడవ గడ రెండు చేతులా ఎత్తాడు.

గడ పక్కటెముకల మీద పడిన చప్పుడు గట్టు ఈ చివరికి వినిపించింది.

"చెప్పరా! ఎంతకి అమ్ముడుపోయేవు?"

"నేను అమ్ముడుపోలేదు బాబూ..." గంగయ్య మాటతోపాటు నెత్తురు ఉమ్మాడు.

వీరలక్ష్మి పరుగున వెళ్ళి మధ్యలో నిలబడింది. "ఆపండి! ఏం చేసేడండీ మా నాన్న?"

ఆదినారాయణ గొడుగు కింద నిలబడి ఉన్నాడు. "ఏం చేసేడా? ఊరంతా చర్చి ప్రార్థనకి పోగానే దొంగలు విసురువలలేసి నా రొయ్యలు తోడుకుపోయేరమ్మా. గట్టుచుట్టూ సైరను తీగ కట్టేం గదా, అదిగో, తెగి పడుంది. తెగితే సైరను మోగాలి. మోగలేదు. మీ నాన్నే ఆపేడు. ఆపి, దొంగలు తన తల పగలగొట్టి పోయేరని నాకు ఫోన్ చేసేడు."

"ఆపినోడు మీకెందుకు ఫోన్ చేత్తాడండీ? ఆ తల ఎవరు పగలగొట్టేరు? దొంగలు గాదా?"

"నాటకం!" అన్నాడు సురేంద్ర.

గంగయ్య తల ఎత్తాడు. "నేనాపలేదే అమ్మాయ్. మొన్నటినించీ పాటలు రావట్లేదు. ఈ సైరను కూడా ఆ పాటల ప్రోగ్రాములోంచే గదా మోగేది. మలికిపురం సెల్లుషాపు కుర్రోడు అలాగే కట్టేడు."

వీరలక్ష్మి తెగిన తీగ వైపు తిరిగింది. తండ్రి తల పగిలింది దొంగల కర్రతో. ఆ కర్ర ముందు ఆయన్ని ఒంటరిగా నిలబెట్టింది తను.

"పాటల ప్రోగ్రాము తీయించింది నేనండీ," అంది. "సైరను దానిమీద ఉందని నాకు తెలీదు. మళ్ళీ ఎక్కిత్తాను. తీగ తెగే ఉంది గదా, ఎక్కిన వెంటనే మోగుద్ది. మీరే విందురు గాని. షెడ్డులోకి వెళ్ళనివ్వండి."

"సాక్ష్యం చెరిపేద్దామనా? తండ్రీకూతుళ్ళు కలిసే చేసేరు బావా!"

సురేంద్ర గడ ఆమె భుజం మీద దిగింది. ఎముక కలుక్కుమంది. వీరలక్ష్మి రెండో చేత్తో కేరేజీ గిర్రున తిప్పి ఒక్కటిచ్చింది. మూతి పగిలి రెండు పళ్ళు, కొరమీను పులుసు, వేడన్నం కలిసి సురేంద్ర చొక్కా మీద పడ్డాయి. వాడు కళ్ళల్లో కారం నలుపుకునేలోపు ఆమె షెడ్డులో దూరి గడియ వేసింది.

తలుపు మీద గడ పోటు పడింది. చెక్క చీలింది. వీరలక్ష్మి ఒంటిచేత్తో, ఫోనులోంచే సర్వరులో పాటల ప్రోగ్రామునూ, దాంతో నడిచే సైరను సర్వీసునూ రాసింది. డ్రైవర్లు తమంతట తాము కదిలేది గంటకోసారి. గంట ఆగితే రెండు శవాలు లేస్తాయి. పెట్టె దగ్గర కూర్చుని వాటిని చేత్తో తోలింది. ప్యాకేజీల డ్రైవరు ప్రోగ్రాము దింపుకోవడం మొదలుపెట్టింది. సిగ్నలు చూస్తే ఒంటి గీత. సగం దిగింది. చీలికలోంచి గడ మొన లోపలికొచ్చి చెవి పక్కన గోడకు గుచ్చుకుంది. ఆ మొనను కాలితో తొక్కిపట్టి, "దిగవే నీ యమ్మ," అంది.

దిగింది. సర్వీసుల డ్రైవరు దాన్ని లేపింది. లేస్తూనే సైరను తెగిన తీగను చూసుకుని గోలెత్తింది. ఆ కూతకి అంతర్వేది దగ్గర తిమింగలం ఒడ్డుకొచ్చి పడిందంటారు. నమ్మకపోయినా ఫర్వాలేదు. ప్రార్థన అయిపోయి ఇళ్ళకి పోతున్న జనం తెల్లబట్టలతోనే వచ్చి పడ్డారన్నది మాత్రం నిజం. పక్క చెరువు సీమోను అందరికంటే ముందు, చేతిలో తెడ్డుతో.

సైరను కూసిందంటే ఆ గట్లమీద ముందు కొడతారు, ఆనక పేరడుగుతారు. మొహంనిండా పులుసుతో, తలుపు బద్దలు కొడుతున్నవాణ్ణి చూసి పేరు అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. సీమోను తెడ్డు సురేంద్ర మోకాలి వెనక పడింది. తరువాతవి ఎవరివో లెక్కలేదు. గొడుగు రెండు ముక్కలై ఆదినారాయణ బురదలో బోర్లా పడ్డాడు.

"ఒరేయ్, నేన్రా! ఆదినారాయణ్ణి!"

"దొంగనాయాలందరూ ఇదే చెప్తారు!" అంటూ సీమోను మరొకటి అంటించి, అప్పుడు మొహం చూశాడు. "ఆయ్... తవరాండీ? చెప్పద్దా?"

వీరలక్ష్మి బయటికొచ్చి తండ్రి కట్లు కోసింది. జరిగింది జనానికి నాలుగు ముక్కల్లో అరిచి చెప్పింది. ఆదినారాయణ వాచిన పెదాలతో ఏదో అన్నాడు. సైరను హోరులో ఎవరికీ వినపడలేదు. ఆమె లోపలికి వెళ్ళి సైరను ఆపి వచ్చింది.

"ఇప్పుడనండి. అందరికీ వినబడాలి."

ఆదినారాయణ సీమోను చేతిలో తెడ్డు వైపు చూశాడు. "గంగయ్య దొంగ కాదు," అన్నాడు.

గంగయ్య ఆ మాట పూర్తిగా విన్నాడు. ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచాడు. విరగని చేత్తో కూతురి చెంప ఛెళ్ళుమనిపించాడు.

"నన్నొక్కమాట అడక్కుండా తీసేత్తావంటే? కాపలా కాసేది నువ్వా, నేనా?"

"నువ్వే నాన్నా."

ఇద్దరూ స్కూటీ మీద రాజోలు ఆసుపత్రికి బయలుదేరారు. ఒంటిచేత్తో బండి తోలుతున్న వీరలక్ష్మి వీపు మీద తండ్రి తల వాల్చాడు. ఆయన నోటి నెత్తురు ఆమె చొక్కాలోంచి వెచ్చగా దిగుతోంది.

"ఎదర గొయ్యుందే, చూసి పోనీ," అన్నాడు గంగయ్య.