రావల్కోల్‌లో తాళం వేసిన ఇల్లు

ఉదయం ఏడుంబావుకు సుచిత్ర చౌరస్తాలో మేడ్చల్ బస్సు ఎక్కాను. ఆరోగ్య శాఖలో సూపర్‌వైజరుగా రిటైరై మూడేళ్లయినా నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. అందుకే షామీర్‌పేట దగ్గరి శిక్షణ సంస్థవాళ్లు, ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్లలను ఊళ్లు తిప్పి మాటలు తర్జుమా చేసిపెట్టమంటే వెంటనే సరేనన్నాను. ఏ జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కగట్టే చదువు వాళ్లది. నా వంతుకు వచ్చిన పిల్ల చిసోమో. మలావీ దేశం, ఇరవై ఆరేళ్లు, తొందరలో నన్ను మించినది.

ఎనిమిదికి మేడ్చల్‌లో దిగేసరికి కాలు ఆడిస్తూ నిలబడి ఉంది. దగ్గు సర్వే కోసం లాటరీ తీసి ఆమెకిచ్చిన ముప్పై ఇళ్లలో ఒక్కటే మిగిలింది. మూడుసార్లు వెళ్లినా మనిషి కలవకపోతే 'దొరకలేదు' అని రాసి వదిలేయొచ్చు. ఇవాళ మూడోసారి. సాయంత్రం ఐదుకల్లా కాగితాలు ఇచ్చేయాలి, రేపు పొద్దున విమానం.

షేర్ ఆటోలో మాతో పాటు ఖాళీ పాల క్యాన్లతో ఒక పెద్దాయన ఎక్కాడు. చిసోమోను తేరిపార చూసి, "గంత దూరం నుంచి మా దగ్గులు లెక్కవెట్టనీకి వచ్చినవా బిడ్డా? మీ దిక్కు దగ్గులు లేవా?" అన్నాడు. నేను తర్జుమా చేస్తే ఆమె పకపకా నవ్వింది. "ఉన్నాయి తాతా. అక్కడివి లెక్కపెట్టడమే ఇక్కడ నేర్చుకుంటున్నాను."

ఎనిమిదిన్నరకు రావల్కోల్ చేరాం. ఇంటికి మళ్లీ తాళం. పక్కింటి అవ్వ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"గాళ్లు ఆరు గొట్టంగనే పోతరు బిడ్డా. కీసర దిక్కు ప్లాట్లల్ల ఇల్లు గడుతున్నరంట. లావణ్య, దాని మొగడు ఇద్దరూ గాడ్నే పని."

"ఈ అవ్వనే అడిగి రాసేద్దాం. పక్కిల్లే కదా, ఇద్దరిదీ ఒకే గాలి" అన్నాను చిసోమోతో.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆంటీ, ఇప్పటికి మూడిళ్లకు 'దొరకలేదు' అని రాశాను. మూడూ కూలికి పోయేవాళ్లవే. ఇంట్లో ఉన్నవాళ్లనే అడిగితే ఇంట్లో ఉండగలిగినవాళ్ల సంగతే తెలుస్తుంది. కీసర ఎంత దూరం?"

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు ఇదే పని చేసినదాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెబుతుందా! అయినా ఆమె అప్పటికే ఆటో ఆపేసింది.

షామీర్‌పేటలో బండి దగ్గర నాలుగేసి ఇడ్లీలు తిన్నాం. కీసర బస్సు ఎప్పుడొస్తుందో అక్కడ ఎవరికీ తెలియదు. నేను గడియారం చూడటం, ఆమె రోడ్డు చూడటం. యాభై నిమిషాలకు వచ్చింది. నేను ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ జీరో టికెట్ ఇచ్చింది. చిసోమోకు టికెట్ కొడుతూ, "నీకు గూడ ఫ్రీ ఇయ్యాలనే ఉన్నదమ్మా, కార్డు లేకపాయె" అని నొచ్చుకుంది.

పదకొండున్నరకు కీసరలో దిగి, ప్లాట్ల మధ్య ఎండలో నడిచాం. మూడో ఇంటి దగ్గర ఆచూకీ దొరికింది. మేస్త్రి మాత్రం మమ్మల్ని కదలనివ్వలేదు. "పని టైంల ముచ్చట్లేందమ్మా? ఒంటిగంటకు బువ్వ తింటరు, గప్పుడు అడుగుండ్రి." ఇటుకల కుప్ప నీడలో గంటకు పైగా కాచుకున్నాం. చిసోమో కూర్చోదు, నన్ను కూర్చోనివ్వదు.

ఒంటిగంటకు లావణ్య చేతులు కడుక్కుని టిఫిన్ డబ్బాతో వచ్చింది. పాతికేళ్లుంటాయి. "నా కోసమా? గింత దూరం వచ్చిన్రా?" అని ఆశ్చర్యపోయింది. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు మించి దగ్గు ఉందా అని అడిగాను. ఇసుక కుప్ప వైపు కూర్చున్న భర్తను చూసి గొంతు తగ్గించింది.

"మా ఆయనకు రెండు నెల్లాయె. దవఖానకు పోతె కూలి పోతదని పోతలేడు. మా అత్త గూడ గిట్లనే దగ్గి దగ్గి సచ్చిపోయింది, ఐదేండ్ల కింద. సర్కారోళ్లు ఒక్కనాడు మా గడప తొక్కలే."

చిసోమో కలం పట్టుకుని నా మొహం చూస్తోంది. భర్త సంగతి చెప్పాను. అత్త సంగతి చెప్పాను. చివరి మాట చెప్పలేదు. ఐదేళ్ల కింద ఆ ఊరి సర్వే నాది. తాళం కనిపిస్తే పక్కింట్లో అడిగి 'అందరూ బాగున్నారు' అని రాసుకుని వెళ్లిపోయేదాన్ని. ఆ ఇంటి గురించి కూడా అలాగే రాసి ఉంటాను.

లావణ్య భర్త శీను దగ్గరికి వెళ్లి తెమడ పరీక్ష చేయించుకోమని బతిమాలాను. పొద్దున లేవగానే తీసిన తెమడే పరీక్షకు మంచిది, డబ్బా నేనే తెచ్చి తీసుకెళ్తాను, దవఖానలో నిలబడే పని లేదన్నాను. అతను దగ్గు ఆపుకుంటూ, "వస్తె రాండ్రి. ఆరు దాటితె మేం దొరకం" అన్నాడు.

రెండుంబావు బస్సులో తిరుగు ప్రయాణం. కాగితాలు సమయానికి అందుతాయని చిసోమో మొదటిసారి వెనక్కి వాలి కూర్చుంది. నాకే కూర్చోబుద్ధి కాలేదు. షామీర్‌పేట దగ్గరపడుతుండగా, "నీకు ఒక మాట తర్జుమా చెయ్యలేదు" అని మొదలుపెట్టి ఆ మాట, నా పాత రాతలు, అన్నీ చెప్పేశాను. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. ముప్పయ్యో కాగితం తీసి, ఖాళీగా వదిలిన చోట ఆ మాట మళ్లీ చెప్పించుకుని రాసుకుంది. "పొద్దున ఎన్నింటికి బయల్దేరతారు?" అని మాత్రం అడిగింది.

తెల్లవారి ఐదింటికి ఆటో మాట్లాడుకున్నాను. మీలో ఎవరైనా ఆ ఊరు వెళ్లదలిస్తే మేడ్చల్ నుంచి అరగంట ప్రయాణం, షేర్ ఆటోలు దొరుకుతాయి. కాకపోతే ఆరులోపు చేరండి. ఆ తర్వాత వెళ్తే ఊళ్లో అందరూ బాగున్నట్టే కనిపిస్తుంది.