గేటు దగ్గర జవాబు నేర్పిన ఖాదర్‌బీ

మొన్న మంగళవారం పొద్దున రాయచోటి నుంచి ఫోను. ఖాదర్‌బీ కూతురు. "చిన్నమ్మా, అమ్మ పోయింది" అనింది. పొయ్యి మీద అన్నం మాడిన వాసన తగిలేదాకా నేను ఆ ఫోను పట్టుకొనే నిలబడుకున్నాను. పది దినాల కిందట ఇదే ఫోనులో ఆమె నన్ను అరగంట తిట్టింది, మోకాళ్ళకు డాక్టరు దగ్గరికి పోకుండా పసుపు పట్టీతో సరిపెడుతున్నానని. అంత గొంతున్న మనిషి ఇట్లా చప్పుడు చేయకుండా నిద్రలోనే పోతుందని ఎవరనుకుంటారు? పోయే ముందర ఒక మాట చెప్పి పోవాలనే మర్యాద ఆమెకు ఏ కాలాన లేదు.

ఖననమైన మూడో దినం అందరూ కూర్చుని తలా ఒక మాట చెప్పినారు. సహనశీలి అన్నారు ఒకరు. శాంతమూర్తి అన్నారు ఇంకొకరు. నోట్లో నాలుక లేని ఇల్లాలు అన్నాడు, ఆమె వండిన బిర్యానీ తినడం తప్ప ఆమె గురించి ఏమీ ఎరగని పెద్దమనిషి. నాకు ఒళ్ళు మండింది. పోయిన ఆడమనిషిని పొగడాలంటే లోకానికి ఈ ఒక్క మాటే దొరుకుతుందా? ఖాదర్‌బీ శాంతమూర్తి కాదు. గయ్యాళి. ఆమె గయ్యాళి కాబట్టే మేము ముగ్గురం మానప్రాణాలతో కువైట్ నుంచి తిరిగొచ్చినాము. ఆ సంగతి రాసిపెట్టే బాధ్యత నా మీద పడింది కాబట్టి రాస్తున్నాను.

కువైట్ పట్నం పక్కన రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో ముగ్గురం పనిచేసేవాళ్ళం. ఖాదర్‌బీది వంట. నాది గుడ్డలు, ఇల్లు తుడవడం. రాజంపేట వైపు నుంచి వచ్చిన రవణమ్మ పిల్లలను చూసేది, అప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు. యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలిచేవాళ్ళం. ఎండలకు తాళలేక మామా, బాబా పిల్లలతో వేరే దేశం పోయున్నారు. ఆ తొంభయ్యో సంవత్సరం ఆగస్టులోనే ఇరాక్ మిలిట్రీ వచ్చి పడింది. డ్రైవరు మొదటి దినమే కారు తీసుకుని పోయినాడు. అంత పెద్ద ఇంట్లో మిగిలింది మేమే.

రవణమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చినాను. ఖాదర్‌బీ లోపలికి పోయి బాబా చెప్పుల జత తెచ్చి తలుపు ముందర పెట్టింది. దినామూ పొద్దున వాటిని అటొకటి ఇటొకటి జరిపేది, ఎవరో విడిచి లోపలికి పోయినట్లు కనబడాలని. అంతటితో ఆగలేదు. బాబా తొడిగే పొడుగు తెల్ల అంగీని దినామూ ఉతికి ఆరేయమని నాకు ఆర్డరు.

"ఎవరూ తొడగని అంగీని దినామూ ఉతికేది ఏందక్కా? నీళ్ళు యాడుండాయి?"

"ఉతకొద్దులే, తడిపి ఆరెయ్. తీగ మీద తడి అంగీ ఉంటే ఇంట్లో మొగోడున్నట్లే."

"దినామూ తడిపితే చివికిపోతాది. రేపు బాబా వచ్చి నన్నే అడుగుతాడు."

"చివికితే చివకనీ. నీ మొగుడి అంగీ అనుకోని తడుపు."

"నా మొగుడి అంగీ దినామూ ఎప్పుడు ఉతికినా?"

ఇట్లా మా ఇద్దరికీ పొద్దున లేస్తే కొట్లాటే. నీళ్ళట్యాంకులో చెయ్యి పెట్టి చూసుకుని చూసుకుని, గొణుక్కుంటూ తడిపేదాన్ని.

అన్నిటికన్నా ఎక్కువ విసిగించింది ఆమె పరీక్ష. తలుపు అవతల నిలబడి గొంతు లావు చేసి "వేన్ బాబా?" అని అడిగేది. మీ అయ్యగారు ఎక్కడ అని. "బాబా నాయిమ్" అనాలి మేము, నిద్రపోతున్నాడని. రవణమ్మ రెండోసారికే నేర్చుకుంది. నా నోట్లో నుంచి మాత్రం "బాబా మాఫీ" అనే వచ్చేది, లేడని. ఎట్లా రాకుండా ఉంటుంది? ఫోను మోగినా గంట మోగినా మేము చెప్పాల్సిన జవాబు అదే. అరబ్బీలో మేము మొట్టమొదట నేర్చుకున్న ముక్క. ఇంట్లో లేకపోతే లేరని ఉన్నదున్నట్లు చెప్పాలి, తప్పు చెబితే మామా చేతిలో తిట్లు. రెండేళ్ళు అట్లా చెప్పి చెప్పి నాలుక అరగదీసుకున్నాము.

"నారాయణమ్మా, సత్తెం చెప్పేది మామా కాడ. తుపాకీ కాడ కాదు" అనేది.

"అబద్ధం నోటికి రాదక్కా నాకు."

"మొన్న నెయ్యి డబ్బా దాచిపెట్టి అయిపోయిందని నాకు చెప్పినప్పుడు ఎట్లొచ్చింది?"

వీధిలో ఇంకో ఏర్పాటు చేసింది. అటుపక్క ఇళ్ళల్లో సిలోన్ అమ్మాయిలు, మలయాళీలు, ఎదురింట్లో ఒక ముసలి కువైటీ అవ్వ. గోధుమ రొట్టెల క్యూలో నిలబడి, వచ్చిన భాషలో కొంత, చేతులతో కొంత అందరికీ చెప్పింది: ఏ ఇంట్లో పళ్ళెం మోగినా అందరూ మిద్దె ఎక్కి పళ్ళేలు వాయించాలని. పెళ్ళి మేళమా అని నేను నవ్వినాను. సొట్టలు పడతాయని మంచి పళ్ళేలు నేను లోపల పెట్టినాను కూడా. అప్పుడు ఆమె అన్న మాట ఇది: "మనకు బలం లేదు, గొంతుంది. దాన్ని ఎత్తొద్దని పుట్టినప్పటి నుంచి మనకు నేర్పినారు చూడు, అక్కడే మనల్ని చెడగొట్టినారు."

ఒక దినం మధ్యాహ్నం. చెత్త పారేయడానికి గేటు తీస్తే ఎదురుగా ఇద్దరు సిపాయిలు. "వేన్ బాబా?" అన్నాడు ఒకడు, ఖాదర్‌బీ అడిగినట్లే. జవాబు కూడా ఎప్పటిలాగే వచ్చింది. "బాబా మాఫీ, మామా మాఫీ." చెప్పిన తరువాత తెలిసింది ఏం చెప్పినానో. వాడు రెండోవాని మొగం చూసి నవ్వి, గేటు తోసుకుని లోపలికి వచ్చినాడు. రవణమ్మ ఇంటి పక్క సందులో తీగ దగ్గర ఉంది, అక్కడికి గేటు కనబడదు. దాని మణికట్టు పట్టుకుని, ఈ పిల్ల మా క్యాంపులో వంట చేస్తుందన్నాడు.

వంటింట్లో నుంచి ఖాదర్‌బీ అన్నం పళ్ళెం, ఇనుప గంటె పట్టుకుని వచ్చి వానికీ రవణమ్మకూ నడుమ నిలబడింది. పళ్ళెం మోగించడం మొదలుపెట్టింది. తెలుగు, ఉర్దూ, అరబ్బీ, తిట్టు ఏ భాషలో దొరికితే ఆ భాషలో తిట్టింది. పక్క మిద్దె మీద ఒక పళ్ళెం మోగింది, ఆ పక్కన ఇంకొకటి, ఆనక వీధి వీధంతా. వాడు తుపాకీ మడమతో ఆమె కుడి చేతి మీద కొట్టినాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆమె గంటెను ఎడమ చేతికి తీసుకుంది. పళ్ళెం కింద పడితే రవణమ్మ ఎత్తి పట్టుకుంది, దాని మీద ఖాదర్‌బీ వాయించింది. ఎదురింటి అవ్వ గేటులోకి వచ్చి, నీకు తల్లి లేదా అని వాణ్ణి అరబ్బీలో కడిగి పెట్టింది. ఇంత గోలకు పై ఆఫీసరు వస్తాడని భయమో ఏమో, రెండోవాడు వీణ్ణి లాక్కుని పోయినాడు.

సాయంత్రం అట్టముక్కలు పెట్టి చెయ్యి కట్టినాము. రవణమ్మ అడిగింది, "గేటు తీసి, ఎవరూ లేరని చెప్పిందెవరు?" నేను నోరు తెరిచేలోపల ఖాదర్‌బీ అనింది, "నేనే. చెత్త పారేసేకి పోయినా. నోరు జారింది. పళ్ళెం కోసరం వంటింట్లోకి ఉరికినా." రవణమ్మ ఆమెను నానా మాటలూ అనింది. ఆమె పడింది.

వంటింట్లోకి పోయి అడిగినాను, ఎందుకట్లా చెప్పినావని.

"రేపు నేను రొట్టెల క్యూకు పోతా. ఆ పిల్ల నీ కాడనే ఉండాల. నీ మీద నమ్మకం పోతే నీ మాట ఇంటాదా? నామీదైతే ఎట్లాగూ దినామూ అరుస్తాది. నువ్వు గమ్మునుండు."

నెల తరువాత బస్సుల్లో బాగ్దాదు, అక్కడి నుంచి జోర్డాను, ఇసుకలో గుడారాలు, చివరికి బొంబాయి విమానం. దారి పొడుగునా రవణమ్మ నా కొంగు పట్టుకొనే నడిచింది. ఖాదర్‌బీ చెయ్యి వంకరగానే అతుకుకుంది. యుద్ధం ముగిసినాక ఆమె మళ్ళీ కువైట్ పోయి, కొత్తగా వచ్చిన పిల్లలకు సెలవు దినాల్లో గేటు దగ్గర జవాబులు నేర్పిందని విన్నాను. ఆ పిల్లల్లో ఎవరూ మూడో దినం మాట్లాడలేదు. పెద్దవాళ్ళ ముందర గొంతెత్తకూడదని కూర్చున్నారు కాబోలు.

ఇన్నేళ్ళలో మూడుసార్లు నిజం చెబుతానన్నాను. "ఇప్పుడెందుకు, అయిపోయిన దానికి" అని మూడుసార్లూ కసిరింది. పెళ్ళిళ్ళలో రవణమ్మ ఆమెను చూపించి "గేటు తీసిన మహాతల్లి" అని నవ్వేది, ఆ వంకర చేతితోనే వక్క కత్తిరిస్తూ ఆమె కూడా నవ్వేది. మొన్న మూడో దినం కూడా రవణమ్మ ఏడుస్తూ అదే చెప్పింది, తప్పు చేసింది ఆయమ్మే అయినా కాపాడిందీ ఆయమ్మే అని. నేను పక్కనే కూర్చోని గమ్మునున్నాను. కసిరేవాళ్ళు లేకపోయినా గమ్మునున్నాను.

అటువంటి మనిషి నాకు మళ్ళీ దొరకదు. ఆమె పాదాలకు నా నమస్కారం. రవణమ్మా, ఇది నీకు ఎవరైనా చదివి వినిపిస్తారు. ఆ పొద్దు గేటు తీసింది నేను. బాబా మాఫీ అనింది నేను. ఆయమ్మను ఇంక ఏమీ అనొద్దు. అనాల్సిందంతా మా ఇంటికొచ్చి నన్ను అను.