ఎండ తగిలిన గుల్లలు

నిన్న నరసరావుపేట బస్టాండులో ఎవరో దించిన చేపల పెట్టెలోంచి ఐసు నీళ్లు కారి నా చెప్పులు తడిశాయి. ఆ నీచు వాసనకు, డిగ్రీలో మాకు జువాలజీ చెప్పిన ఝాన్సీ మేడం గుర్తొచ్చారు. ఆమె వెంటే, ఎప్పటిలాగే, నా క్లాస్‌మేట్ షమీమ్ కూడా. మేడంను ఒక్కరినే తలుచుకునే భాగ్యం నాకు లేదు.

సముద్రానికి ఇంత దూరాన ఉండి మేడం సముద్రాన్ని పరీక్షించేవారు. నీటిలోని రాగి, కాడ్మియం వంటివి ఆల్చిప్పల్లాంటి గుల్లల ఒంట్లోకి చేరితే, వాటిని పట్టి ఉంచడానికి ఒక ప్రోటీన్ పెరుగుతుంది. దాన్ని కొలిస్తే నీళ్లు ఎంత చెడ్డాయో అంచనా కట్టవచ్చు. తీరంలోని పెద్ద ల్యాబులో పనికి మాలో ఒకరిని తీసుకువెళతానన్నారు. ఆ చోటు నాకే కావాలి. కానీ ఆమె నన్ను "అమ్మా" అనేవారు. మెకానిక్ కూతురు షమీమ్‌ను మాత్రం "ఏమే" అనేవారు. ఆ చనువుకు నా కడుపు మండేది.

ఆ వేసవిలో మేమిద్దరం తీరం నుంచి గుల్లలు తెస్తుంటే చిలకలూరిపేట దాటాక బస్సు చెడిపోయింది. సాయంత్రానికి పెట్టెలో ఐసంతా కరిగిపోయింది. మర్నాడు నా వాటా నేను కోసి కొలిచాను. అంకెలు బాగా ఎక్కువ వచ్చాయి. సంబరంగా తీసుకెళ్లి మేడం ముందు పెట్టాను. షమీమ్ ఖాళీ చేతులతో వచ్చింది.

"నీయి ఏవే?"

"పారేశా మేడం. ఎండకు చానా వాడిపోయినయ్. మళ్లీ పోయి తెస్తా."

"మళ్లీ ఆ బస్సేనా ఏంది?"

"ఈసారి మా నాన్నను కూడా ఎక్కిస్తా. ఆగితే బాగుచేస్తాడు."

మేడం చాలాసేపు నవ్వారు. తరువాత నా కాగితం చూశారు.

"ఇది సముద్రంలోనే అట్టా ఉందా, మనం తెచ్చేసరికి అట్టయిందా?"

నేను కాగితం వెనక్కి తీసుకోబోయాను.

"ఎండదెబ్బకి కూడా పెరుగుద్దమ్మా ఆ ప్రోటీన్."

చూపించడానికి ఒక్క అంకె కూడా లేని మనిషికి ఆ చోటు దక్కింది. షమీమ్ ఇప్పటికీ ఆ పనిలోనే ఉంది. నేను పత్రికలో చేరాను. మేడం పోయాక ఆమె చేతి గడియారం ఇంట్లోవాళ్లు షమీమ్‌కు ఇచ్చారని విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

కారంపూడి నుంచో మాచవరం నుంచో విలేకరి ఏదైనా సంచలన వార్త పంపితే ఫోన్ చేసి అడుగుతాను. "అక్కడే అట్టా ఉందా, నీ దాకా వచ్చేసరికి అట్టయిందా?" డెస్కులో అందరూ అది నా సొంత మాటే అనుకుంటారు. నేను కాదనను. షమీమ్‌ను ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం మేడంకు ఎన్నడూ రాలేదు. అది నన్నొక్కదాన్నే అడిగారు.