పెట్టె తలుపు వెనక చీటీ

ఆరేళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తిరువళ్లూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసు ఊడ్చి తుడిచే పని నాది. అక్కడ కంప్యూటర్ లైన్లు చూసుకునే సరళ, నేను తిరుత్తణి నుంచి ఒకే రైల్లో పోయేవాళ్లం. యాభై దాటినాక నాకు అక్షరాలు నేర్పింది ఆమే, ఆ రైల్లోనే. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. ఈ వయసులో చదువేమిటని నవ్వుతారని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

నెట్‌వర్క్ పెట్టె తలుపు లోపలివైపు ఒక చీటీ అంటించి ఉండేది. దాని మీద అక్షరాలు, అంకెలు కలిపి రాసింది కమ్యూనిటీ నేమ్ అని, పాస్‌వర్డ్ లాంటిదని సరళ చెప్పింది. ఆ పేరు ఇచ్చి కంప్యూటర్‌లోంచి అడిగితే పెట్టెలు తమ సంగతులన్నీ చెప్పేస్తాయంట: ఏది వేడెక్కింది, ఏ లైను ఆగింది, ఏది ఎన్నాళ్ల పాతది. “ఇది ఈ గది దాటకూడదక్కా” అని కూడా చెప్పింది. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఒక మధ్యాహ్నం సరళ భోజనానికి పోయింది. నేను పెట్టె తుడుస్తూ లేబుళ్లు కూడబలుక్కుంటున్నాను. మా పెట్టెల మెయింటెనెన్స్ పని తన కంపెనీకి రావాలని తిరుగుతున్న ఒకాయన వాకిట్లో నిలబడినాడు.

“ఏమక్కా, గుడ్డ పట్టుకోని పాఠాలు చదువుతుండావే?”

“నాకు చదవను వస్తుంది సార్. యాడున్నా చదువుతాను.”

“యాడో ఎందుకు? ఆ చీటీ చదువు, చూద్దాం. తప్పుపోతే నవ్వనులే.”

ఒక్కొక్క అక్షరం గట్టిగా చదివినాను. ఒక్కటీ తప్పుపోలేదు. ఆయన ఫోన్‌లో రాసుకోవడం చూసినాను. చూసి కూడా చివరి రెండు అంకెలు చదివినాను. ఎందుకు ఆగలేదు? నా చదువును అడిగి విన్న మొదటి పరాయి మనిషి ఆయన. ఆ సంతోషాన్ని మధ్యలో ఆపుకోను నాకు మనసు రాలేదు.

ఆయన మా మీటింగు గదిలోనే ల్యాప్‌టాప్ మా లైనుకు తగిలించుకున్నాడు. వారం తర్వాత మా పెట్టెల జబ్బులన్నీ కాగితాల మీద మేనేజర్ ముందు పరిచినాడు. చీటీ మీది పేరు తనకు ఎవరిచ్చారో చెప్పలేదు. అది తెలిసింది సరళకే గదా అన్నారు. ఆ గది తుడిచేదాన్ని గనక మేనేజర్ నన్నూ పిలిచి, చదువు వచ్చునా అని అడిగినాడు.

“నేను కైనాట్టు సార్, వేలిముద్రే” అని బొటనవేలు చూపించినాను.

సరళ పక్కనే ఉంది. నా వైపు చూసింది. నాకు నేర్పింది తానేనని అనలేదు. నేను ఆ పేరు ఇచ్చి ఉండనని నమ్మి ఊరుకుందా, అంతా అర్థమై ఊరుకుందా? ఇప్పటికీ తెలియదు.

నెల తిరక్కముందే ఆమెను తీసేసినారు. ఆ తర్వాతైనా చెప్పి ఉండొచ్చు. నా పని పోతుందని చెప్పలేదు.

ఆ అబద్ధం నిలవాలని ఆఫీసు రిజిస్టర్‌లో ఇవాళ్టికీ వేలిముద్రే వేస్తున్నాను. సంతకం చేయను వచ్చు. అది కూడా ఆమె నేర్పిందే.

ఇది రాస్తే ఆమె ఉద్యోగం తిరిగిరాదు. క్షమించమని అడగను. ఆ చీటీ చదివింది నేను. ఈ మాట ఎవరి చేతా రాయించలేదు. రెండు సాయంత్రాలు కూర్చుని నేనే రాసినాను. వేళ్లు నొప్పిగా ఉన్నాయి. ఊపిరి మాత్రం ఆడుతోంది.