గురి మామకి నచ్చని ప్రెస్సు

ఆ రోజుల్లో ఏ వస్తువు కొనాలన్నా ముందు దాని మీద చెయ్యి వేసి చూడాల్సిందే. ఇప్పటిలా ఫోన్లో వేలితో నొక్కితే మర్నాటికి గుమ్మంలోకి వచ్చి పడేది కాదు. (వచ్చి పడినదాన్ని నచ్చలేదని తిప్పి పంపేంత తెగువ కూడా మాకు లేదు.) బస్సెక్కి టౌనుకి వెళ్ళడం, అంగడి మెట్లెక్కడం, నచ్చలేదని దిగిరావడం, వారం పోయాక మళ్ళీ వెళ్ళడం. ఇదేం ఖర్మరా అని అందరూ తిట్టుకునేవాళ్ళు. నేను మాత్రం ఆ చలికాలమంతా, వెతుకుతున్న వస్తువు దొరక్కుండా చూడు స్వామీ అని ఆంజనేయుడికి మొక్కుకుంటూ బతికాను.

ఆ వస్తువు ఆర్బర్ ప్రెస్సు. అది కావలసింది మా మేనమామకి. మా ఊరు మోకలో వరిమడి, బళ్ళారిలో రైఫిల్ క్లబ్బు, ఈ రెండూ తప్ప ఆయనకి వేరే లోకం లేదు. పిల్లలం మేం పెట్టుకున్న పేరు గురి మామ. కాగితం మీది నల్లచుక్కని కొట్టడమే ఆయన వేట. మడిలో వాలిన కొంగని అదిలించడానికి కూడా ఆయనకి మనసొప్పేది కాదు. పోటీకి వాడే తూటాలు తనే నింపుకోవాలని పట్టుపట్టి, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, అనుమతి కూడా తెచ్చుకున్నాడు. ఇక మిగిలింది ప్రెస్సు. తూటా కొసన ఉండే గుండుని ఇత్తడి గొట్టం మూతిలో తిన్నగా కూర్చోబెట్టడానికి అది కావాలి. బల్ల మీద పెట్టుకునే పొట్టి ఇనుప స్తంభం, దానికో పిడి. పిడి లాగితే పళ్ళ కడ్డీ కిందికి దిగి నొక్కుతుంది, అంతే. కానీ ఆ నొక్కుడులో బిగువెంతో చేతికి తెలియాలట. "గుండు కూచునేది చెయ్యికి చెప్పల్ల అల్లుడా. చెప్పకపోతే అది ప్రెస్సు కాదు, రోకలి" అనేవాడు.

బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టేవాళ్ళకి కొదవలేదు కదా. ఆ ప్యాంట్లకి గుండీలు బిగించే చేతిప్రెస్సులు అమ్మే అంగడి ఒకటి బ్రూస్‌పేటలో ఉండేది. అక్కడ ఆర్బర్ ప్రెస్సులు కూడా దొరుకుతాయని మామకి ఎవరో చెప్పారు. నేనప్పుడే గనుల లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాగా చేరాను, గురువారం సెలవు. ఇనుము మోసేకి తోడు రమ్మన్నాడు మామ. ఉన్న ఒక్క సెలవూ పాయె కదా అని గొణుక్కుంటూ వెళ్ళాను.

గల్లాపెట్టె దగ్గర యజమాని కూతురు కూర్చుని ఉంది. నా గొణుగుడు అక్కడితో ఆగిపోయింది.

"రా చిన్నాయనా, ఏం కావల్ల?" అంది మామని చూసి.

అంతే, నా బుర్ర వరసలు కట్టడం మొదలుపెట్టింది. మా మామ ఆమెకి చిన్నాయన అయితే ఆమె మామకి కూతురు వరస. మామ కూతురంటే నాకు మరదలు! (మామకి ఆడపిల్లలు లేరన్న లోటు ఆ నిమిషంలోనే తీరిపోయింది.) పార్సిళ్ళు తెచ్చే ముసలాయన్నీ, టీ పోసే ఆయన్నీ కూడా ఆమె చిన్నాయనా అనే పిలుస్తుందని తర్వాత తెలిసింది. తెలిసినా, నేను మాత్రం మా చుట్టరికాన్ని రద్దు చేసుకోలేదు.

మామ జేబులోంచి శెనక్కాయలు తీశాడు. "పొట్టు పగలల్ల, పప్పు నలగకూడదు. అప్పుడు చెప్తా ఇది పనికొస్తాదో లేదో" అంటూ ఒక కాయని ప్రెస్సు కింద పెట్టి పిడి లాగాడు. టప్పుమంది. పప్పులు రెండూ నిండుగా బయటికొచ్చాయి. అయిపోయింది, ఇక మళ్ళీ ఈ మెట్లెక్కే పని లేదు అనుకున్నాను. మామ ఆ పప్పులు నోట్లో వేసుకుని, ఆమె వైపూ నా వైపూ చూసి, తీరిగ్గా నమిలి, "ఊహూఁ, పిడి తేలిక ఉండాది" అన్నాడు. ఆయన కాళ్ళకి మొక్కుదామనిపించింది.

అప్పట్నుంచి ప్రతి గురువారం అదే తంతు. ఒకటి కుయ్యిమంటాదట, ఒకటి పొట్టిగా ఉండాదట, ఒకదాని పచ్చరంగు కంటికి పడదట. ఆమె విసుక్కోకుండా గోడౌన్లోంచి ఇంకొకటి తెప్పించేది. మామ కాయలన్నీ కొట్టి మా ముందు కుప్పపోసి, "టీ తాగొస్తా, ఈడే ఉండు" అని వెళ్ళిపోయేవాడు. ఆమే మాట కలిపేది.

"నువ్వేం పని చేస్తావప్పా?"

"తూకం."

"లారీలు తూస్తావా? అయితే నన్ను తూస్తే ఎంతుంటా చెప్పు?"

ఆమె నవ్వుతోంది. వేరేవాడైతే ఆ మాట పట్టుకుని ఎక్కడికో వెళ్ళిపోయేవాడు. ఖాళీ లారీ బరువు తీసేస్తే గానీ సరుకు లెక్క తేల్చని కాటా గుమాస్తాని కదా నేను, గంభీరంగా "ముందు ఖాళీ బండి తూయల్లండీ" అన్నాను. ఆమె పొలమారేదాకా నవ్వింది. నాకు ఎక్కడికైనా పారిపోదామనీ, ఆ నవ్వు వింటూ అక్కడే ఉండిపోదామనీ రెండూ ఒకేసారి అనిపించాయి.

మోకలో బస్సెక్కిన దగ్గర్నుంచి ఒకటే మాట వల్లెవేసేవాణ్ణి: "మా మామని మీ నాయనతో మాట్లాడమంటా, నీకు సమ్మతమేనా?" అంగడి మెట్లెక్కేసరికి అది ఎటో పోయేది. చివరికి నోట్లోంచి వచ్చేది, "ఈసారి శెనక్కాయలు బాగుండాయి కదా." ఆమె ఒక్క నిమిషం నా ముఖంలోకి చూసి, "బాగుండాయి" అనేది. వచ్చే వారం చెప్దాంలే, మామకి ఇంకా ప్రెస్సు నచ్చలేదు కదా అని ధైర్యంగా ఇంటికొచ్చేవాణ్ణి.

ఒక గురువారం గల్లాపెట్టె దగ్గర వాళ్ళ నాయన ఉన్నాడు. ఆమె లేదు. మామ జేబులో చెయ్యి పెట్టలేదు. "ఆ మొదట చూసిన ప్రెస్సే కట్టియ్యప్పా" అన్నాడు. గోనెపట్టాలో చుట్టి ఇచ్చారు. భుజాన వేసుకుని బస్టాండు దాకా మోశాను. అక్కడ దించి, కోపం పట్టలేక అడిగాను.

"దాని పిడి తేలిక అంటివి కదా మామా?"

"అది మొదటి దినమే నచ్చిండె లేరా. ఎవురికీ ఇయ్యొద్దని ఆ పొద్దే చెప్పి పెట్టినా."

"మరి ఇన్ని దినాలు సుమ్నే, ఊరికే తిరిగితిమా?"

"సుమ్నే యాడ? నువ్వు నోరు తెరుస్తావేమోనని తిరిగితిమి. మొన్న ఆ పిల్లకి తాంబూలాలు మార్చుకునిరంట, తెక్కలకోట సంబంధం. ఇంకేం చేసేకి తిరిగేది?"

బస్సు వచ్చింది. ఎక్కలేదు. ప్రెస్సు మొదటే నచ్చిందని ఆమెకి తెలుసా అని అడిగాను. మామ నా వైపు చూడలేదు.

"తెలీక ఏమి? రెండు వారాల కింద నేను టీకి పోతాంటే వెనకాలే వచ్చె. 'ఇంట్లో సంబంధం చూస్తాండారు చిన్నాయనా, ఇంకొక వారం నచ్చలేదనే చెప్పు' అనె."

ఆ ఏడు పోటీలో మామ ఏ స్థానంలో నిలిచాడో కూడా నాకు గుర్తులేదు. ఇప్పుడు మా ఇంట్లో నన్ను వాగుడుకాయ అంటారు. కాటా దగ్గర ముక్కూమొహం తెలియని డ్రైవరుని ఆపి అరగంట కబుర్లు చెప్తాను. పెళ్ళిళ్ళలో ఇరువైపులవాళ్ళనీ కూర్చోబెట్టి మాటలు కలిపేది నేనే. అలా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కోసారి ఆ కాటా గుమాస్తా కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. ఒరేయ్, ఆమె నీకోసం ఒక వారం అడిగి తెచ్చి పెట్టింది కదరా, ఆ ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది అని వాణ్ణి అడుగుతాను. వాడు ఎప్పటిలాగే, "ఈసారి శెనక్కాయలు బాగుండాయి కదా" అంటాడు.