గోడతాత అన్న మాట

ఆ రోజుల్లో మా రాయచూరు పొలాల మీదికి పాకుతూ ఉండేది. ఒక్కో చేనూ ఒక్కో లేఅవుట్ అయ్యేది, కానీ ఒకదాని రోడ్డు ఇంకోదాని రోడ్డును పలకరించేది కాదు. మేం అద్దెకున్న వీధి ఒక్కటే పక్క లేఅవుట్‌లోకి, అక్కడి కాన్పుల ఆసుపత్రికి నేరుగా పోయేది. ఆ ధైర్యంతోనే అక్కను తొలి కాన్పుకు తీసుకొచ్చాం.

నొప్పులు మొదలైన పొద్దున అక్కనూ అమ్మనూ ఆటోలో ఎక్కించి, "సీదా పో భాయ్" అన్నాను. వీధి చివర గోడ! ముందురోజు మధ్యాహ్నం లేదు. సిమెంటు ఇంకా తడిగానే ఉంది. దాని మీదుగా ఆసుపత్రి బోర్డు కనిపిస్తోంది. గోడ అవతల, మా వీధికి ఎదురుగా కొత్తిల్లు కట్టుకున్న పెద్దాయన (తర్వాత మేం పెట్టిన పేరు గోడతాత) తల పైకెత్తాడు.

"ఏంది తాతా ఇది?"

"వీధిపోటు బాబూ. మీ వీధి సీదా వచ్చి మా దర్వాజను పొడుస్తుంది. ఈ ఇంట్లకొచ్చినకాడికెల్లి రోజుకొకరికి జ్వరం."

"మా అక్కకు నొప్పులొస్తున్నయ్! గోడ తియ్యి!"

"ముహూర్తం చూసి కట్టింది, ఎట్ల తీస్త? అయినా కిరాయి ఇంట్ల ఉండెటోనికి రోడ్డు లడాయి ఎందుకు?"

ఆ మాటకు ఆటో దిగిపోయాను. పై వరుస ఇటుక ఒకటి ఊడబెరికి చేతిలో పట్టుకుని, అద్దె మేమేమీ ఎగ్గొట్టలేదని మొదలుపెట్టి లేఅవుట్ నక్షా దాకా వాదిస్తున్నాను. వెనక నుంచి అక్క కేక: "ఒరే, నీ పంచాయితీ అయ్యేలోపల నేనిక్కడ్నే కంట! బండి తిప్పిచ్చు!"

చుట్టూ తిరిగి హైవే ఎక్కితే రైల్వే గేటు పడింది. బొగ్గు బండి. డబ్బా వెనక డబ్బా, తెగదు. అంతవరకూ తిడుతున్న అక్క ఒక్కసారిగా నోరు మూసుకుంది. దిగి గేటు ఎత్తించాలని లేవబోయాను. (ఇటుక ఇంకా ఒళ్ళోనే ఉందని అప్పుడు చూసుకున్నాను.) ఎలాగో చేరాం. మేనకోడలు పుట్టింది. "ఇంకాస్త ఆలస్యమైతే..." అని డాక్టరమ్మ ఆగిపోయింది. అక్క మరిచిపోయింది. నేను మరవలేదు. ఎన్ని అర్జీలు పెట్టానో మున్సిపాలిటీ వాళ్ళనడగండి.

ఈమధ్య గోడతాతే, మా వీధిలో మోకాళ్ళ డాక్టరు వెలిశాక, గోడలో మనిషి పట్టేంత దారి కొట్టించుకున్నాడు (పైన దిష్టి గుమ్మడికాయతో సహా). అక్కడే కుర్చీ వేసుకుని, "ఇట్ల రాండ్రి సార్, దగ్గరైతది" అని నన్నే పిలుస్తాడు. ఆయనకేమీ గుర్తులేదు. అక్కవాళ్ళూ మా వీధికే వచ్చేశారు; మేనకోడలు రోజూ అటే ట్యూషన్‌కు పోతుంది. నేను మాత్రం హైవే మీదుగానే వెళ్తాను.

"ఇంకెన్నేండ్లురా నీ అలక?" అంటుంది అక్క.

"కిరాయి మాట వెనక్కి తీసుకోమను."

గేటు పడినప్పుడల్లా, ఒళ్ళో ఇటుకతో ఆటోలో కూర్చున్న ఆ సన్నటి కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నవ్వుకుంటూనే బొగ్గు బండి పోయేదాకా కూర్చుంటాను. నా బండి మాత్రం వెనక్కి తిప్పను.