అంపైరు కంటికి ఎండ

మా ఆయన బడిలో ఆటల మాస్టరు. వేసవి సెలవుల్లో అందరూ నీడపట్టున ఉంటే, ఈయన కమలాపురం చుట్టుపక్కల క్రికెట్ పోటీలకు అంపైరుగా పోతాడు. పొద్దున తొమ్మిదికే మొహం మాడ్చేసే ఎండ మాది. అందులో పొద్దుగూకేదాకా నిలబడతాడు.

ఒకరోజు క్యారేజీ తీసుకుపోయి చూశాను. బౌలింగ్‌కు వచ్చిన ప్రతివాడూ తన టోపీ, కూలింగ్ గ్లాసులు తీసి ఈయనకిస్తున్నాడు. నడుముకు మూడు టోపీలు వేలాడుతున్నాయి, చొక్కాకు రెండు జతల అద్దాలు. తన నెత్తిన, కండ్ల మీద మాత్రం ఏమీ లేదు. నేను కొనిచ్చినవి బండి డిక్కీలో భద్రంగా ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"పెట్టుకుంటే ఏం పోతాదయ్యా?"

"నీకు తెల్దులే. పోయినేడు పెట్టుకొని ఔటిస్తే, నల్లద్దాల్లో నీకేం కనపడిందప్పా అని అందరూ మీదికొచ్చినారు. అంపైరు కండ్లు జనానికి కనపడల్ల."

జనానికి కనపడాలట! ఆ జనంలో ఒక్కడైనా ఈయన కంటిని సరిగ్గా చూశాడా? ముక్కు వైపు నుంచి తెల్లగుడ్డు మీదికి ఎర్రగా కండ పెరుగుతూ ఉంది. దుమ్ము పడిందంటూ ఏడాది నెట్టుకొచ్చాడు. చివరికి పోట్లాడి కడపలో కంటి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను.

ఏళ్ల తరబడి ఎండ తగిలి పెరిగిందని, నల్లగుడ్డు మీదికి పాకిందని, ఇంకా పాకితే చూపు పోతుందని డాక్టరు చెప్పాడు. కోసి తీసేయాలి, ఆ తర్వాతా అద్దాలు లేకుండా ఎండలోకి పోకూడదు. ఈయన బుద్ధిగా తలూపాడు. బయటికి రాగానే, "ఫైనల్ అయిపోనీ, చేపిచ్చుకుంటా" అన్నాడు. ఈ మనిషితో ఎలా వేగేది?

ఫైనల్ రోజు కాపలాకు నేనూ పోయి షామియానా కింద కూర్చున్నాను. నా ఎదుటే అద్దాలు పెట్టుకుని లోపలికి పోయాడు. మూడో ఓవరుకే తీసి జేబులో వేసుకున్నాడు. చివర్లో ఈయన వైపు వికెట్ల దగ్గర రనౌట్ అని అందరూ అరిచారు. ఈయన చాలాసేపు ఆలోచించి వేలెత్తాడు. ఆ బ్యాట్స్‌మన్ తల అడ్డంగా ఊపుతూ వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు బండి వెనక కూర్చుని దారిపొడవునా తిట్టాను. రైల్వే గేటు దగ్గర బండి ఆపాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నువ్వు పక్కనుంచి చూస్తాంటివి కదా. వాని బ్యాటు గీత దాటిందా?"

ఇరవై ఏళ్లలో తానిచ్చిన ఔటు గురించి ఎవరినీ అడగని మనిషి, క్రికెట్‌లో ఓనమాలు తెలియని నన్ను అడిగాడు.

"దాటలేదులే" అన్నాను.

నేను ఆ గీతను చూడనే లేదు. ఆయన మాటిమాటికీ కన్ను తుడుచుకోవడమే చూస్తూ కూర్చున్నాను.